పొద్దున్నే స్తోత్రం చెప్పలేకపోతున్నాను

చిత్తూరు నుంచి ఒక సోదరి ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పేట, సంఘం బయటపెట్టవద్దన్నారు. అవి తీసేసి మిగిలింది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు నలభై దాటాయి. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవారు. షుగరు, బీపీ కలిసి కిడ్నీలను తినేశాయి. రెండేళ్లుగా మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. ఉద్యోగం పోయింది. కూతురు తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

ఈ కష్టం రాకముందు నుంచే ఆమె సంఘంలోని స్త్రీల వాట్సాప్ గ్రూపులో రోజూ ఉదయం ఆరింటికి ఒక వాయిస్ మెసేజ్ పెడుతున్నారు. ఒక వాక్యం, నిన్నటి రోజు దేవుడు చేసిన ఒక మేలు, ఒక చిన్న ప్రార్థన. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్ల దాకా అది వెళుతుందట. "మీ గొంతు వినకపోతే నాకు తెల్లారదు అంటారండీ. నాకు మాత్రం తెల్లారితే భయంగా ఉంది" అని రాశారు.

ఒక బుధవారం ఉదయం "నిన్న కూడా దేవుడు మమ్మల్ని చల్లగా చూశాడు" అని రికార్డు చేసి వెనక్కి తిరిగితే, భర్త మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. ఆ నిన్న, మిషన్ మీద బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి ఆయన వార్డంతా వినబడేలా అరిచిన రోజు. "నా బతుకు నీ సాక్ష్యానికి సరుకైపోయిందా?" అన్నారట. ఇంకో మాట కూడా అన్నారు: "రోజూ దేవునికి చెప్తావు. ఆ ఆటో అన్నకి ఒక్కసారన్నా చెప్పినావా?"

ఆటో అన్న అంటే ఎదురింటాయన. వారానికి మూడు రోజులు తెల్లవారి ఐదున్నరకే గేటు ముందు ఆటో పెట్టి, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొస్తారు. గ్యాసు డబ్బులు తప్ప రూపాయి ముట్టరు. ఈ మధ్య కొండకు నడిచి వెళ్లి, "సార్ పేరు చెప్పి స్వామికి దండం పెట్టినా" అంటూ లడ్డూ తెచ్చారు. భర్త చెయ్యి చాపారు. ఈమె అడ్డుపడి, "మేము తినమన్నా" అన్నారు. ఆయన సరేనమ్మా అని వెనక్కి తీసుకెళ్లారు. తర్వాతి డయాలసిస్ రోజున ఐదున్నరకు ఆటో మామూలుగానే వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన ముఖం చూడలేకపోతున్నానని రాశారు.

ఒకసారి జ్వరంతో మెసేజ్ పెట్టలేదు. మూడో రోజున భర్త చేతికున్న ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన దారి) మూసుకుపోయింది. వేలూరు సీఎంసీకి పరిగెత్తారు. అప్పటి నుంచి ఒక్కరోజు కూడా ఆపడానికి ధైర్యం చాలలేదు. వదినగారు "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి అని లేదా?" అంటారు. పాస్టరమ్మగారు "నీ కన్నీళ్లలోంచి వచ్చే స్తోత్రమే అందరికీ బలం, ఆపొద్దు" అంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆమె తీసిన వాగ్దానం చీటీలో "నా కృప నీకు చాలును" అని వచ్చింది. భర్త బాగవుతారని అనుకున్నారట. చివరికి అడిగింది ఇది: "ఆపితే కృతఘ్నురాలినా? ఆపకపోతే వేషధారినా? ఆపాల్సి వస్తే గ్రూపులో ఏమని రాయాలో కూడా చెప్పండి."

అమ్మా,

మీరు అడిగింది ఒక్క ప్రశ్న. ఉత్తరంలో ఉన్నవి నాలుగు. ఫిస్టులాతో మొదలుపెడతాను. మిగతా మూడింటిలో మిమ్మల్ని కదలనివ్వకుండా పట్టుకున్నది ఆ భయమే.

మెసేజ్ ఆగిందానికీ ఫిస్టులా మూసుకుపోయిందానికీ సంబంధం లేదు. ఆ వారం ఆయనకు విరేచనాలై బీపీ బాగా తగ్గిందని మీరే మూడో పేజీలో రాశారు. బీపీ అలా తగ్గితే ఫిస్టులాలో రక్తం గడ్డకట్టవచ్చు. రక్తనాళం లోపల సన్నబడినా, ఆ చేతిని కిందేసుకుని పడుకున్నా, ఆ చేతికి బీపీ పట్టీ కట్టినా, బరువు మోసినా అలా జరగవచ్చు. ఉదయం ఫోను తీసే ముందు ఆయన చేతి మీద వేళ్లు ఆనించి, జివ్వుమనే కదలిక తగులుతోందో లేదో చూడండి. తగలకపోతే ఆలస్యం చేయకుండా డయాలసిస్ యూనిట్‌కు ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ దాన్ని తెరవడం కష్టమవుతుంది. ఆయన్ని కాపాడే పని ఏదైనా పొద్దున ఆరింటికి మీ చేతిలో ఉందంటే, అది ఇదే.

దేవుని సంగతి. లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు. వెనక్కి వచ్చి స్తోత్రం చెప్పింది ఒక్కడు, వాడూ సమరయుడు, యూదులు పరాయివాడిగా చూసే మనిషి. తొమ్మిదిమంది ఏరని యేసు అడిగాడు. వాళ్లు రాకపోవడం ఆయన్ను నొప్పించిందనే నేను చదువుకుంటాను. కానీ ఆ తొమ్మిదిమందికి రోగం తిరగబెట్టిందని లూకా రాయలేదు. ఇచ్చింది వెనక్కి తీసుకోలేదు. మీరు భయపడుతున్న దేవుడు ఈయన కాదమ్మా. నెల కంతు తప్పితే ఇంటి ముందున్న బండి ఎత్తుకుపోయే ఫైనాన్సు కంపెనీ మనిషి. ఆ మనిషిని దేవుని కుర్చీలో కూర్చోబెట్టింది మీరొక్కరే కాదు. మన మైకుల ముందు "కృతజ్ఞత కానుక మరచిపోయారు, అందుకే ఈ శోధన" అని చెప్పేవాళ్లను నేనూ విన్నాను. కష్టంలో ఉన్న మనిషి చెవిలో ఆ మాట పడితే ఎంత లోతుకు దిగుతుందో వాళ్లు ఆలోచించరు.

వాగ్దానం చీటీ గురించి రెండు మాటలు. చీటీ చిన్నది, అందులో ముందు వచనాలకు చోటుండదు. పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్నది అప్పుడు వచ్చిన జవాబు. క్యాలెండర్ల మీద పూల మధ్య అచ్చేస్తారు గానీ, అడిగింది దొరకని మనిషికి చెప్పిన మాట అది. కాబట్టి ఆ చీటీ మిమ్మల్ని మోసం చేయలేదు. అలాగని మీ ఆయన బాగవుతారని మాటా ఇవ్వలేదు.

ఆ మూడుసార్లు అన్నది నన్ను ఆపింది. పౌలు ముల్లు గురించి అతిశయపడ్డది తర్వాత. ముందు తీసేయమని అడిగాడు, మళ్లీ అడిగాడు, మళ్లీ అడిగాడు. మీ ఉత్తరంలో మెసేజ్‌ల గురించి పేజీలున్నాయి. మీరు ఒంటరిగా తలుపేసుకుని దేవుణ్ణి ఏమడిగారో ఒక్క వాక్యం లేదు. ఏడ్చినట్టు లేదు, కోప్పడినట్టు లేదు. రోజూ గ్రూపు కోసం ప్రార్థన చేసి చేసి, మీకోసం చేసుకోవడం ఎప్పుడో ఆగిపోయిందని నాకు అనిపిస్తోంది.

కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు మొఱ్ఱలే. 13వ కీర్తన "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలై, ఆరు వచనాలు తిరిగేలోపు పాటలోకి వస్తుంది. 88వది ఆ మలుపు కూడా తీసుకోదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. స్తోత్రం లేదు, నమ్మకపు ముగింపూ లేదు. అయినా దాని పైన "ప్రధానగాయకునికి" అని రాసి ఉంది, అంటే దాన్ని ఆరాధనలో పాడటానికే ఇచ్చారు. మీ మెసేజ్‌లలో ఈ కీర్తన ఎప్పుడైనా వచ్చిందా? వచ్చి ఉండదు. నిన్నటి మేలు చెప్పాలన్న పద్ధతిలో దానికి చోటు లేదు.

మీరు పరిగెత్తిన ఆ వేలూరు ఆసుపత్రి సంగతే చూడండి. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడ్డర్ మొదట్లో డాక్టరు కాదు, కావాలనీ అనుకోలేదు. తల్లికి ఒంట్లో బాగాలేదని అమెరికా నుంచి తిండివనం వచ్చిన అమ్మాయి. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో హిందువు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. కాన్పు కష్టమైన తమ భార్యల దగ్గరకు రమ్మన్నారు. ఆమె తండ్రి డాక్టరే గానీ, మగ డాక్టరును రానివ్వలేమన్నారు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ ఉదయం "నిన్న దేవుడు చేసిన మేలు చెప్పు" అని ఎవరైనా అడిగి ఉంటే ఆమె దగ్గర ఏముంది? తర్వాత ఆమె వైద్యం చదివి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో క్లినిక్ మొదలుపెట్టింది. చిత్తూరు జనం ఇవాళ్టికీ పెద్ద జబ్బంటే బస్సెక్కేది అక్కడికే. జవాబు దొరకని దుఃఖాన్ని స్తోత్రంతో కప్పేసి ఉంటే ఆమె డాక్టరయ్యేదో కాదో నాకు అనుమానమే.

వేషధారి అన్న మాట దగ్గరికి వస్తాను. మనసులో ఏమీ అనిపించకపోయినా స్తోత్రం అనడం వేషధారణ కాదు. మన అమ్మమ్మలు సగం ప్రార్థనలు నిద్రమత్తులోనే చేశారు. లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన మొదలైంది కూడా కృతజ్ఞతతోనే. వాడి తప్పు మనసు లేకపోవడం కాదు. పక్కన నిలబడ్డ సుంకరితో, అంటే జనం పాపిగా చూసే పన్నులవాడితో పోల్చుకుని పొంగిపోవడం. మీకు ఆ జబ్బు లేదు. మీది వేరే చిక్కు. నొప్పితో అరిచిన రోజును చల్లగా చూసిన రోజు అని చెప్పారు. అది మనసు లేని స్తోత్రం కాదు, జరగనిది చెప్పడం. మీ ఆయనకు తగిలింది అక్కడే.

"నా బతుకు నీ సాక్ష్యానికి సరుకా?" అన్న మాటను అవిశ్వాసంగా లెక్కగట్టకండి. నా రోజు గురించి నన్నడగకుండా నలుగురికీ చెప్పావు అంటున్నారాయన. నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాలి. లేచి ఇంటికొస్తే ఒళ్లంతా పిండేసినట్టుంటుంది. నీళ్లు కొలిచి తాగాలి. వేసవిలో ఊరంతా బేనీషా వాసన, రోడ్ల మీద తోతాపురి కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. మామిడిలోని పొటాషియం భయానికి ఆయన నోరు కట్టుకోవాలి. బతుకంతా మామిడి మధ్య గడిపిన మనిషి! ఆ ట్రాక్టర్లను కిటికీలోంచి చూస్తూ ఆయన ఏమనుకుంటున్నారో మీరు ఎప్పుడైనా అడిగారా? నేను నింద వేయడం లేదు. బడి, వంట, మందులు, ఆసుపత్రి కాగితాలు, ఇన్నింటి మధ్య కూర్చుని అడిగే తీరిక మీకు ఎక్కడిది? కానీ ఉదయం ఆరింటికి మూడు నిమిషాలు దొరుకుతున్నాయి. అవి ప్రస్తుతం గ్రూపుకు వెళుతున్నాయి.

ఆయన్ని అడగండి. డయాలసిస్ అయిన సాయంత్రం వద్దు, అప్పుడు మాట్లాడే ఓపిక ఉండదు. మధ్య రోజున అడగండి. "నా గురించి ఎక్కడా చెప్పొద్దు" అనవచ్చు. అంటే ఆ మాటకు కట్టుబడండి. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడు కూడా. దానివల్ల మీ మెసేజ్‌లలో జనానికి నచ్చిన భాగమే పోతుంది, అది తెలిసే ఒప్పుకోండి. "చెప్పు, కానీ ఉన్నదున్నట్టు చెప్పు" అనవచ్చు. అప్పుడు వేరే దారి తెరుచుకుంటుంది. ఏమీ అనకుండా గోడకు తిరిగి పడుకోవచ్చు కూడా. అలా వారాల తరబడి ఉంటే, తిండి మీద, నిద్ర మీద ధ్యాస పోతే, "ఎందుకీ బతుకు" అన్న మాట వస్తే, కిడ్నీ డాక్టరుకు చెప్పండి. డయాలసిస్ మీదున్నవాళ్లలో దిగులు జబ్బు మామూలే, దానికి వైద్యముంది. ప్రార్థన కూడిక పెట్టించినంత మాత్రాన డాక్టరుకు చెప్పాల్సిన పని తప్పదు.

ఇక లడ్డూ. మీ ఉత్తరంలో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేలా చేసింది ఇదేనని చేతిరాత చూస్తే తెలుస్తోంది.

ప్రసాదం తినాలా వద్దా అన్నది తిరుపతి, చిత్తూరు క్రైస్తవుల ఇళ్లలో పాత ప్రశ్నే. తీసుకుని నోట్లో వేసుకునేవాళ్లున్నారు, తీసుకుని పక్కింటి పిల్లలకు పెట్టేవాళ్లున్నారు, మర్యాదగా వద్దనేవాళ్లున్నారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో దీన్ని మనస్సాక్షికి కట్టి వదిలాడు. విగ్రహం వట్టిదని ఒకచోట అంటాడు, తినడం వల్ల ఇంకొకడి మనస్సాక్షికి దెబ్బ తగులుతుందంటే మానుకోమని ఇంకోచోట అంటాడు. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే మీరు తినక్కర్లేదు. నేను తినమనను. కానీ చెయ్యి చాపింది మీరు కాదు, మీ ఆయన. ఆయన మనస్సాక్షి ఆయనది. ఇద్దరూ కలిసి ముందే ఒక మాటనుకుని ఉంటే బాగుండేది; ఇప్పుడన్నా అనుకోండి, ఆ అన్న మళ్లీ కొండకు వెళతాడు. (షుగరు, కిడ్నీ రెండూ ఉన్నవారికి నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష దట్టించిన లడ్డూ గురించి డైటీషియన్ ఏమంటారో ఆ వాదన వేరే. చిటికెడు దగ్గర ఆగేవారైతే సరే.)

తినకపోవడం ఒకటి, ఆయనకు చెప్పాల్సింది చెప్పకపోవడం ఒకటి. ఈ రెండూ మీ మనసులో కలిసిపోయాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు. పగలంతా ఆటో నడిపిన మోకాళ్లతో ఎక్కాడు, తన రక్త సంబంధం కాని మనిషి కోసం. తెచ్చింది వెనక్కి పంపితే మనసులో పెట్టుకోలేదు, తర్వాతి డయాలసిస్ రోజున గేటు ముందు నిలబడ్డాడు. అర్హత అడగకుండా, లెక్క రాయకుండా, తిరస్కరించినా ఆగకుండా వచ్చేదాన్ని మీరు ఏళ్లుగా పొద్దున్నే వివరించి చెబుతున్నారు. అది మీ ఇంటికి వారానికి మూడుసార్లు వస్తోంది. వేరే దేవుణ్ణి మొక్కే మనిషి చేతుల మీదుగా వస్తోంది కాబట్టి దాన్ని ఏ పేరుతో పిలవాలో మీకు తోచలేదేమో. లూకా ఆ పదో కుష్ఠరోగి సమరయుడని పనిగట్టుకుని ఎందుకు రాశాడో అనిపిస్తుంది ఇలాంటప్పుడు.

ఏం చేయాలన్నది మీ ఇష్టం. డబ్బు ఇవ్వబోతే ఆయన నొచ్చుకోవచ్చు, ఇప్పటికే గ్యాసు డబ్బులు తప్ప వద్దంటున్నాడు. క్రిస్మస్ కేకు, కొత్త లుంగీ లాంటివి పంపితే తీసుకుంటాడు, కానీ అది బదులు తీర్చినట్టు అయిపోయి, అసలు మాట మళ్లీ మిగిలిపోతుంది. సువార్త కరపత్రం ఇచ్చి ప్రార్థన చేస్తామన్నా మీ వాళ్లు మెచ్చుకుంటారు. నేనైతే ఇప్పుడు ఆ పని చేయను. ఆయన చేసినదాన్ని ఆసరాగా తీసుకుని ఆయనకే బోధించినట్టు ఉంటుంది. మీ భర్త పక్కనుండగా, గేటు దగ్గర, నేరుగా చెప్పడం అన్నిటికంటే కష్టం. "అన్నా, మేము ప్రసాదం తినమని నీకు తెలుసు. కానీ ఈయన కోసరం నువ్వు కొండకు నడిచినావే, అది నేను మరిచిపోను. ఆ రోజు ఈ మాట చెప్పకుండా పంపినాను" అనండి. ఆయన "దాందేముందమ్మా, అంతా స్వామి దయ" అంటాడు. అననివ్వండి. దిద్దకండి.

మెసేజ్ సంగతి ఇప్పుడు. ఇది మీరు అనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు, అందుకే చివరికి పెట్టాను.

పూర్తిగా ఆపేయవచ్చు. విశ్రాంతి దొరుకుతుంది. వారం పది రోజులు "ఏమైంది, విశ్వాసంలో జారిపోయిందా" అన్న గుసగుసలు వస్తాయి, తర్వాత ఇంకొకరు మొదలుపెడతారు. మీరు తట్టుకోవాల్సింది గుసగుసల్ని కాదేమో, ఆ రెండోదాన్ని. మీ గొంతు లేకుండానే వాళ్లకు తెల్లవారుతుంది. ఆ గ్రూపులో మీకు దక్కిన మర్యాద ఈ రెండేళ్లలో మిమ్మల్ని నిలబెట్టిన వాటిలో ఒకటి, అందులో తప్పు లేదు, కానీ అది పోతే బాధ కలుగుతుందని ముందే తెలుసుకోండి. ఇంకో చిక్కు: తన వల్లే ఆగిందని మీ ఆయన అనుకోవచ్చు. ఆయనతో మాట్లాడకుండా మాత్రం ఆపకండి.

కొనసాగిస్తూ పద్ధతి మార్చవచ్చు. నిన్నటి మేలు తీసేసి, వాక్యం చదివి, ఒక నిమిషం ప్రార్థనతో ముగించండి. సొంత కథ లేకపోతే వినేవాళ్లు తగ్గుతారు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా తగ్గుతుంది.

ఉన్నదున్నట్టు చెప్పవచ్చు, ఆయన ఒప్పుకుంటేనే. 13వ కీర్తన చదివి, "ఈ రోజు నాకు మేలేమీ కనబడలేదు, ప్రార్థన చేయండి" అనవచ్చు. ఇది ధైర్యమైన దారి, అందుకే దీని ఖరీదూ ఎక్కువ. ఇంకా విశ్వాసం కావాలనేవాళ్లు వస్తారు. ఫలానా దైవజనుడు చెయ్యి పెడితే కిడ్నీలు బాగయ్యాయని ఫోన్ నంబర్లు పంపుతారు. వాళ్లలో ఎవరైనా "విశ్వాసంతో డయాలసిస్ ఆపండి" అంటే అక్కడే తెంపేయండి; ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. ఇంకోపక్క, కువైట్‌లో ఎవరి వంటింట్లోనో నవ్వుముఖం పెట్టుకుని మీ మెసేజ్ వినే అమ్మాయి, తను ఒక్కతే అలా లేదని మొదటిసారి తెలుసుకోవచ్చు. పాస్టరమ్మగారు చెప్పిన బలం ఇలా కూడా అందుతుంది.

లేదా పంచుకోవచ్చు. వారానికి ఒకరోజు మీరు, మిగతా రోజులు మిగతావాళ్లు. అరణ్యంలో మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, దాచుకుంటే పురుగులు పట్టింది. ఆ కథ మీరు చాలాసార్లు చెప్పి ఉంటారు. కానీ ఏడో రోజు మన్నా కురవలేదన్నది కూడా అదే అధ్యాయంలో ఉంది. రోజూ ఇచ్చేవాడే ఒకరోజు ఆపాడు, ముందు రోజే రెండింతలు ఇచ్చాడు కాబట్టి ఆ ఒక్కరోజు ఎవరూ పస్తులుండాల్సిన పని లేదు. దీంట్లో చిక్కేమిటంటే, ఏర్పాటు చేసే పని మళ్లీ మీ నెత్తిన పడుతుంది. ఆ పని పాస్టరమ్మగారికి అప్పగించగలిగితేనే ఈ దారి పట్టండి. ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని అడగండి, పిక్కలు పట్టేసిన రోజు సంగతి కూడా మీ ఆయన అనుమతితో చెప్పండి. కన్నీళ్లలోంచి వచ్చే స్తోత్రం అన్నారు ఆమె. ఆ కన్నీళ్లు ఆమె చూసి ఉండరు.

వదినగారికి జవాబు ఇవ్వాలనుంటే వాదన అక్కర్లేదు. ఆమె చెప్పిన వచనం థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం 18. అదే పేజీలో 14 చదవమనండి: "ధైర్యము చెడినవారిని ధైర్యపరచుడి, బలహీనులకు ఊతనియ్యుడి." చదివాక, ఒక శనివారం ఆయనతో పాటు ఆసుపత్రికి వెళ్లి కూర్చోగలరా అని అడగండి. ఆ రోజు మీరు తిరుపతి వెళ్లి కూతుర్ని చూసి రావచ్చు. ఐదు పేజీల్లో ఆ పిల్ల గురించి ఒక్క వాక్యమే ఉంది.

గ్రూపులో రాయడానికి మాట అడిగారు. ఆపినా, నెల రోజులు సెలవు తీసుకున్నా ఇది సరిపోతుంది:

"అక్కలకు, చెల్లెళ్లకు వందనాలు. ఇంట్లో నా అవసరం ఎక్కువగా ఉండటం వల్ల కొన్నాళ్లు ఉదయం మెసేజ్ నేను పెట్టలేను. ఇన్నాళ్లు విన్నందుకు మీకు కృతజ్ఞతలు. మాకోసం ప్రార్థన చేయండి."

ఇంతకు మించి కారణం రాయకండి. ఎవరైనా విడిగా ఫోన్ చేసి అడిగితే, మీ ఆయన ఎంతవరకు చెప్పమన్నారో అంతవరకే చెప్పండి.